చర్చికి వెళ్ళేవాళ్ళ ఓటు ఎటు? ఒక అమెరికా ఓటరు మోడల్ కేస్ స్టడీ

క్లయింట్ ఎవరో, ఏ పార్టీ వైపో, ఏ రాష్ట్రమో, ఏ సంవత్సరమో చెప్పను. అమెరికా దక్షిణాదిలో ఒక రాష్ట్రం, ఈ మధ్య జరిగిన అధ్యక్ష ఎన్నికల్లో ఒకటి, అంతవరకు చాలు. పని చేసింది హైదరాబాద్‌లోని మా టీం. అమెరికా సర్వేలకి వచ్చిన జవాబులని కోడింగ్ చేయడం (అంటే జవాబులని గుంపులుగా విడదీసి కోడ్లు ఇవ్వడం), వెయిట్లు కట్టడం (సర్వేలో తక్కువగా దొరికిన గుంపుల జవాబులకి ఎక్కువ విలువ ఇచ్చి అసలు జనాభాకి సరిపెట్టడం), టేబుల్స్, మోడల్స్ తయారుచేయడం, ఇదీ మా పని. ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. ఎన్నికల డేటా మీద కొత్తగా పనిలోకి వచ్చే పిల్లలందరూ "మతాసక్తి" అనే కాలమ్ కనబడగానే దాన్ని నేరుగా మోడల్‌లో పడేస్తారు, ఎందుకు పడేయకూడదో నోటితో చెప్తే ఎక్కదు, కేసు చూపిస్తే ఎక్కుతుంది.

నేపథ్యం

అమెరికాలో మతం, ఓటు అనగానే పాతవాళ్ళకి 1960 గుర్తొస్తుంది. కెనడీ కేథలిక్ కాబట్టి గెలిస్తే పోప్ మాట వింటాడేమోనని ప్రొటెస్టెంట్లకి అనుమానం. ఆయన హ్యూస్టన్ వెళ్ళి పాస్టర్ల ముందు నిలబడి, నేను డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థినే గానీ కేథలిక్కుల అభ్యర్థిని కాదు అని చెప్పుకోవాల్సి వచ్చింది. కేథలిక్కుల్లో ముప్పాతిక మందికి పైగా ఆయనకే వేశారని గ్యాలప్ సర్వే సంస్థ లెక్క. అంటే అప్పట్లో ఓటుని పట్టిచ్చేది "నీది ఏ చర్చి" అన్న ప్రశ్న. తర్వాతి దశాబ్దాల్లో అది పూర్తిగా పోలేదు గానీ, దాని పక్కనే "ఎన్నిసార్లు వెళ్తావు" అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది. 2004 ఎగ్జిట్ పోల్ చూడండి. వారానికి ఒకసారి కంటే ఎక్కువ వెళ్తామన్నవాళ్ళలో రిపబ్లికన్ బుష్‌కి 64 శాతం, డెమొక్రాట్ కెర్రీకి 35. అసలు వెళ్ళమన్నవాళ్ళలో లెక్క తిరగబడి కెర్రీకి 62, బుష్‌కి 36. ఇరవై ఏళ్ళ తర్వాత, 2024లో ఓటేసినట్టు రికార్డుల్లో తేలినవాళ్ళనే తీసుకుని ప్యూ అనే సర్వే సంస్థ చేసిన లెక్కలో కూడా, నెలకొకసారైనా ప్రార్థనలకి వెళ్ళేవాళ్ళలో మూడింట రెండొంతులకి కాస్త తక్కువగా ట్రంప్ వైపే ఉన్నారు.

ఇలాంటి లెక్కలు చూసినవాళ్ళు ఎవరైనా చర్చి హాజరు పెరిగేకొద్దీ ఓటు రిపబ్లికన్ల వైపు జరుగుతుందనే అనుకుంటారు. మా క్లయింట్‌కి అంతకుముందు పని చేసిపెట్టినవాళ్ళు కూడా అలాగే అనుకున్నారు.

అదే ప్యూ లెక్కలో ఇంకో అంకె ఉంది. నల్లజాతి ఓటర్లలో డెమొక్రాట్ హ్యారిస్‌కి 83 శాతం, ట్రంప్‌కి 15. మరి అమెరికాలో క్రమం తప్పకుండా చర్చికి వెళ్ళేవాళ్ళలో నల్లజాతి ప్రొటెస్టెంట్లు ముందు వరసలో ఉంటారు. ఇలాంటి రెండు అంకెలని పక్కపక్కన పెట్టి చూడకపోవడం దగ్గరే ఈ కేసు మొదలైంది.

వచ్చిన సమస్య

క్లయింట్ చేతిలో ఓటరు ఫైల్, అంటే పేర్లు, అడ్రస్‌లతో ఓటర్ల జాబితా ఉంది, దాని మీద ప్రతి ఓటరుకీ సున్నా నుంచి వంద దాకా ఒక స్కోరు ఉంది. సున్నా దగ్గరుంటే ఖాయంగా ఒక పార్టీ, వంద దగ్గరుంటే ఖాయంగా రెండోది. నలభైకీ అరవైకీ మధ్య ఉన్నవాళ్ళు "ఊగిసలాటలో ఉన్నవాళ్ళు", అంటే తలుపు తట్టి మాట్లాడి ఒప్పించాల్సినవాళ్ళు. వాలంటీర్లు ఆ లిస్టు పట్టుకుని తిరిగి, ఇది పనికిరాదని చెప్పేశారు. వాళ్ళు ఫోన్ యాప్‌లో రాసి పంపిన నోట్స్ మొత్తం నేను చదివాను. కొన్ని పేటల్లో లిస్టు నిండా అరవై దాటిన నల్లజాతి ఆడవాళ్ళే. తలుపు తీసిన మనిషి చర్చిలో పెద్ద, ఆదివారం తప్పదు, బుధవారం బైబిల్ స్టడీ తప్పదు, ఓటు దశాబ్దాలుగా ఒకే పార్టీకి. అలాంటావిడ దగ్గరికి వెళ్ళి "మీరింకా తేల్చుకోలేదట కదా" అని అడిగితే ఆవిడకి నవ్వొచ్చిన చోట నవ్వింది, కోపమొచ్చిన చోట తలుపేసింది.

క్లయింట్ మమ్మల్ని అడిగింది లిస్టు సరిచేయమని. ఎన్నికకి ఉన్న టైం తక్కువ, కొత్త సర్వేకి డబ్బు అంతకన్నా తక్కువ.

ఏమేం ప్రయత్నించాం

మొదటి అనుమానం సహజంగా సర్వే జవాబులని ఓటరు ఫైల్‌తో జోడించిన తీరు మీదకే పోతుంది. సర్వేలో జవాబిచ్చిన మనిషి, ఓటరు ఫైల్‌లో మనిషి వేరే అయితే చెత్తే వస్తుంది. పేరు, పుట్టిన సంవత్సరం, అడ్రస్ సరిచూశాం, బాగానే ఉంది. తర్వాత చదువు. 2016లో చాలా రాష్ట్రాల సర్వేలు చదువుని బట్టి వెయిట్లు కట్టలేదు, డిగ్రీ ఉన్నవాళ్ళు సర్వేలకి ఎక్కువగా జవాబిస్తారు, వాళ్ళు డెమొక్రాట్ హిల్లరీ క్లింటన్ వైపు మొగ్గారు, దాంతో అంచనాలు ఎలా దెబ్బతిన్నాయో ఈ రంగంలో అందరికీ తెలుసు. ఇక్కడ చదువు వెయిట్ ఉంది. ఆ దారీ మూసుకుపోయింది.

అప్పుడు స్కోరుని విప్పి చూశాం. పాత మోడల్ కూడికల మోడల్. వయసుకి ఇన్ని పాయింట్లు, జాతికి ఇన్ని, చదువుకి ఇన్ని, చర్చి హాజరుకి ఇన్ని, అన్నీ కలిపితే స్కోరు. హాజరు విలువని మొత్తం శాంపిల్ మీద కట్టారు, శాంపిల్‌లో తెల్లవాళ్ళే ఎక్కువ కాబట్టి హాజరు అనగానే అది రిపబ్లికన్ వైపు లాగుతుంది. ఇప్పుడు ఆ పెద్దావిడ సంగతి చూడండి. జాతి ఆవిడని ఒక కొసకి లాగింది, వారం వారం చర్చి రెండో కొసకి లాగింది, తాడాటలో రెండు జట్లూ సమానంగా లాగితే రుమాలు మధ్యలో ఆగినట్టు ఆవిడ స్కోరు సరిగ్గా యాభై దగ్గర ఆగింది. ఆవిడ మనసులో ఊగిసలాట ఏమీ లేదు, ఉన్నదంతా ఆ మోడల్ కూడికలోనే. తప్పు బయటపడ్డాక దాన్ని దిద్దడం సులువే అనిపించింది, కాలేదు.

క్లయింట్ వైపు నుంచి వచ్చిన మొదటి సలహా, హాజరు కాలమ్ తీసేయండి అని. తీసేశాం. నల్లజాతి పేటల్లో లిస్టు వెంటనే బాగుపడింది, తెల్లవాళ్ళ శివార్లలో చెడింది. ఒకే వీధి, ఒకే వయసు, ఇద్దరికీ డిగ్రీ, ఇద్దరూ తెల్ల ఆడవాళ్ళు. ఒకావిడ వారం వారం ఇవాంజెలికల్ (బైబిల్‌నీ, క్రీస్తులో మళ్ళీ పుట్టడాన్నీ గట్టిగా నమ్మే ప్రొటెస్టెంట్) చర్చికి వెళ్తుంది, రెండో ఆవిడ పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప గడప తొక్కదు. వీళ్ళిద్దరి ఓట్లు దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. మతాన్ని తీసేస్తే మోడల్‌కి ఇద్దరూ ఒకటే, ఇద్దరికీ మధ్య స్కోరే. 2016 నుంచి 2024 దాకా మూడు ఎన్నికల్లోనూ తెల్లజాతి ఇవాంజెలికల్స్‌లో పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ఒకే వైపు వేశారు. అలాంటి సమాచారం లేకుండా దక్షిణాది రాష్ట్రానికి మోడల్ కట్టడం నాకు నచ్చలేదు. కాలమ్ మళ్ళీ లోపలికి వచ్చింది.

రెండో ప్రయత్నం బయటి డేటా. ఇక్కడ మనవాళ్ళకి వింతగా ఉండే సంగతి ఒకటి చెప్పాలి. మన జనగణనలో మతం కాలమ్ ఉంటుంది, అమెరికా సెన్సస్‌లో ఉండదు. 1976 నాటి చట్టం ప్రకారం మతం గురించి జవాబు తప్పనిసరి చేసి అడగడానికి వీల్లేదు, సెన్సస్ అసలు అడగనే అడగదు. ఓటరు ఫైల్‌లో కూడా మతం ఉండదు, కొన్ని దక్షిణాది రాష్ట్రాల ఫైల్‌లో జాతి మాత్రం ఉంటుంది. మతం కావాలంటే దొరికేది కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వారీగా ఏ చర్చికి ఎంతమంది సభ్యులు అని పదేళ్ళకోసారి చర్చి సంస్థల నుంచే సేకరించే లెక్క. దాన్ని తెచ్చి కలిపాం. ఫలితం ముందుకన్నా గందరగోళం. కౌంటీలో సభ్యులు ఎక్కువ అని తెలిస్తే ఆ కౌంటీ గురించి తెలిసినట్టు, అందులో ఉన్న ఫలానా ఓటరు గురించి కాదు. పైగా నల్లజాతి జనం ఎక్కువున్న గ్రామీణ కౌంటీల్లోనూ చర్చి సభ్యత్వం ఎక్కువే, తెల్లజాతి జనం ఎక్కువున్న గ్రామీణ కౌంటీల్లోనూ ఎక్కువే, ఓట్లు మాత్రం ఉత్తరం దక్షిణం. దీన్ని ఎక్కువ లాగకుండా వదిలేశాం.

ప్రశ్న దగ్గరికే వెళ్ళడం

ఇక మిగిలింది సర్వేలో జవాబులు ఎలా వచ్చాయో చూడటం. నాకు అసలు ఆసక్తి కలిగింది ఇక్కడే.

చర్చికి ఎన్నిసార్లు వెళ్తారంటే జనం ఎక్కువ చేసి చెప్తారని ఈ రంగంలో పాత మాట. 1993లో వచ్చిన ఒక అధ్యయనం ఒహైయోలోని ఒక కౌంటీలో ఫోన్‌లో చెప్పిన హాజరునీ, చర్చిల్లో నిజంగా కూర్చున్నవాళ్ళ తలల లెక్కనీ పోల్చి, నిజం చెప్పినదాంట్లో సగమే అని తేల్చింది. మా టీంలో ఒకరు, అయితే "గత ఆదివారం ఏం చేశారు" అని తిప్పి అడుగుదాం, నిజమైన హాజరు పట్టుకుందాం అన్నారు. నేను వద్దన్నాను. మాకు కావాల్సింది చర్చి బెంచీల లెక్క కాదు, ఓటు. నెలకోసారి వెళ్తూ వారం వారం వెళ్తానని చెప్పే మనిషి అబద్ధం చెప్తున్నాడేమో గానీ తనని తాను ఎవరిగా అనుకుంటున్నాడో మాత్రం నిజంగానే చెప్తున్నాడు. ఓటుకి అదీ పనికొస్తుంది.

కానీ ఒకటి వదలడానికి వీల్లేదు. సర్వేలో సగం ఫోన్‌లో, సగం మెసేజ్ లింకు ద్వారా వెబ్‌లో జరిగింది. మనిషి గొంతు అడిగినప్పుడు హాజరు ఎక్కువగా, ఒంటరిగా స్క్రీన్ మీద నొక్కినప్పుడు తక్కువగా చెప్తారు. ఫోన్‌లో దొరికినవాళ్ళు ఎక్కువగా పెద్దవయసువాళ్ళు, వెబ్‌లో దొరికినవాళ్ళు చిన్నవాళ్ళు. అంటే వయసు వల్ల వచ్చిన తేడా అనుకున్నదాంట్లో కొంత, ప్రశ్న అడిగిన పద్ధతి వల్ల వచ్చిందే. ఫోనా వెబ్బా అన్నది మోడల్‌లో పెట్టి ఆ తేడాని విడదీశాం.

అసలు తాళం చెవి దొరికింది మాత్రం కోడింగ్‌లో. "మీ మతం" కింద ఇచ్చిన జాబితాలో తమది లేనివాళ్ళు "ఇతరం" నొక్కి ఖాళీలో రాస్తారు. వాటిని కోడ్లుగా మార్చే పని మా పిల్లలదే. పాత ఫైల్‌లో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ అని రాసినవాళ్ళని "మెథడిస్ట్"లో పడేశారు, మెథడిస్టులు తెల్లజాతి పాతతరం ప్రొటెస్టెంట్ల (మెయిన్‌లైన్ అనే పాత చర్చిలవాళ్ళ) గుంపులోకి పోయారు. ఆ ఆఫ్రికన్ మెథడిస్ట్ చర్చి పుట్టిందే తెల్లవాళ్ళ మెథడిస్ట్ చర్చిలో అవమానం భరించలేక బయటికొచ్చిన నల్లజాతి వాళ్ళతో, ఫిలడెల్ఫియాలో, 1816లో ప్రత్యేక సంఘంగా. నల్లజాతివాళ్ళదే అయిన చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్‌ని "పెంతెకొస్తు" అని తెల్ల పెంతెకొస్తులతో కలిపారు. బాప్టిస్టుల సంగతి చెప్పక్కర్లేదు, సదరన్ బాప్టిస్టులూ, నల్లజాతివాళ్ళదైన నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్ వాళ్ళూ ఒకే కోడ్. పేరు ఒకటే గానీ లోపల కూర్చున్నవాళ్ళు వేరు, వాళ్ళ ఓట్లు వేరు. దీన్ని ముందుగా పట్టుకున్నది మా టీంలో గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి. లూథరన్ అంటే ఎవరో, బాప్టిస్ట్ అంటే ఎవరో, రెండూ ప్రొటెస్టెంట్ అయినా ఊళ్ళో రెంటికీ ఎంత తేడానో చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి. "అన్నా, ఇవన్నీ ఒక గుంపులో ఎలా వేస్తారు?" అని అడిగింది. మిగతా మాకెవ్వరికీ ఆ ప్రశ్న తోచలేదు, మాకు క్రిస్టియన్ అంటే క్రిస్టియన్ అంతే.

కోడింగ్ మొత్తం తిరగదోడాం. నల్లజాతి ప్రొటెస్టెంట్లని విడిగా, తెల్లజాతి ఇవాంజెలికల్స్‌ని విడిగా, పాతతరం ప్రొటెస్టెంట్లని విడిగా, కేథలిక్కుల్లో తెల్లవాళ్ళనీ హిస్పానిక్‌లనీ (లాటిన్ అమెరికా, స్పానిష్ మూలాలవాళ్ళనీ) విడివిడిగా పెట్టాం. "జస్ట్ క్రిస్టియన్" అని మాత్రమే రాసినవాళ్ళు ఎక్కువ తలనొప్పి. వాళ్ళలో ఏ డినామినేషన్‌కీ (చర్చి శాఖకీ) చెందని పెద్ద పెద్ద ఇవాంజెలికల్ చర్చిలవాళ్ళూ ఉన్నారు, అసలు ఏ చర్చికీ వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. అక్కడ "మళ్ళీ పుట్టిన క్రైస్తవులా" అన్న ఇంకో ప్రశ్న జవాబుతో, హాజరుతో కలిపి విడదీశాం. అదీ పూర్తిగా నమ్మదగ్గది కాదు, ఎందుకంటే చర్చికి వెళ్ళకపోయినా రాజకీయాన్ని బట్టి ఇవాంజెలికల్ అని చెప్పుకునేవాళ్ళు ట్రంప్ వచ్చాక పెరిగారు.

ఇక్కడే మనవాళ్ళ సంగతీ ఒకటి. ఆ రాష్ట్రంలో పెద్ద నగరం శివార్లలో భారతీయులు, అందులో తెలుగువాళ్ళు, లెక్కలోకి వచ్చేంతమంది ఉన్నారు. సర్వేలో హిందువులు చాలామంది హాజరు ప్రశ్నకి "అప్పుడప్పుడు" అనో "ఏడాదికి కొన్నిసార్లు" అనో నొక్కారు. పాత మోడల్ వాళ్ళని మతం లేనివాళ్ళ పక్కన కూర్చోబెట్టింది. రోజూ పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టి, శనివారం మాంసం ముట్టకుండా, గుడికి మాత్రం ఉగాదికీ వినాయక చవితికీ వెళ్ళే మనిషిని ఆ ప్రశ్న చూడలేదు. వారానికోసారి అందరూ కలిసి కూర్చునే మతాలని దృష్టిలో పెట్టుకుని చేసిన ప్రశ్న అది. హిందువులకి హాజరు కాలమ్ వాడటం మానేసి, వయసు, చదువు, అమెరికాలో పుట్టారా వలస వచ్చారా అన్నవాటి మీదే ఆధారపడ్డాం.

పనిచేసింది

చివరికి నిలబడిన మోడల్‌లో హాజరుకి ఒకే విలువ లేదు. ఒక్కో జాతి, ఒక్కో చర్చి సంప్రదాయానికి హాజరు విలువ వేరేగా రానిచ్చాం, శాంపిల్ చిన్నదైన గుంపుల అంచనాలని పెద్ద గుంపు వైపు కొంచెం లాగి పట్టాం, లేకపోతే నలుగురైదుగురి జవాబులు చూసి మోడల్ వీరంగం వేస్తుంది. ఓటరు ఫైల్‌లో మతం లేదు కాబట్టి, వేల మందిని అడిగే ఒక పెద్ద జాతీయ ఎన్నికల సర్వే డేటా నుంచి జాతి, వయసు, ప్రాంతం, చదువుని బట్టి ఒక ఓటరు ఏ సంప్రదాయంలో ఉండే అవకాశం ఎంతో అంచనా కట్టి, ఆ అవకాశాల మీద స్కోరు తేల్చాం.

వచ్చిన చిత్రం ఇది. తెల్లజాతి ఇవాంజెలికల్స్‌లో హాజరు పెరిగేకొద్దీ రిపబ్లికన్ మొగ్గు పెరుగుతుంది. తెల్ల కేథలిక్కుల్లో కూడా అదే దిశ, కాస్త మెల్లగా. నల్లజాతి ప్రొటెస్టెంట్లలో హాజరుతో పార్టీ మారదు, పెరిగేది ఓటేసే అవకాశం. చర్చి అక్కడ ఓటర్లని కదిలించే చోటు. ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సుల్లో నేరుగా ముందస్తు పోలింగ్‌కి వెళ్ళే అలవాటు ఊరికే పుట్టలేదు. పన్ను మినహాయింపు ఉన్న చర్చిలు ఫలానా అభ్యర్థికి వేయండి అని పిలుపునివ్వకూడదని 1954 నాటి పన్ను చట్టం సవరణ చెప్పినా, ఓటేయండి అని చెప్పడానికి అడ్డేమీ లేదు. కాబట్టి ఆ పెద్దావిడలందరినీ "ఒప్పించాల్సినవాళ్ళ" లిస్టు నుంచి తీసి "ఓటేసేలా గుర్తుచేయాల్సినవాళ్ళ" లిస్టులో పెట్టాం. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైన మార్పు ఇదే, స్కోరు ఎన్ని పాయింట్లు మెరుగుపడిందన్నది కాదు. చర్చి దానంతటది మనిషిని ఏ పార్టీ వైపూ తోయదు. పక్కన కూర్చున్నవాళ్ళు ఎటుంటే అటు ఇంకాస్త గట్టిగా నిలబెడుతుంది.

కొత్త లిస్టుతో వాలంటీర్ల ఫిర్యాదులు బాగా తగ్గాయి. ఎన్నికయ్యాక బూత్‌ల వారీ ఫలితాలతో పోల్చి చూశాం. ఎవరు ఎవరికి వేశారో ఎవరికీ తెలియదు గానీ, బూత్ మొత్తం మీద మా అంచనా ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. నల్లజాతి పేటల్లో, తెల్లవాళ్ళ శివార్లలో నిలబడింది. హిస్పానిక్ కుటుంబాలు ఎక్కువున్న బూత్‌లలో నిలబడలేదు, రిపబ్లికన్ ఓటు మేం అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చింది.

రెండు నిర్ణయాల గురించి

ఒకటి, క్లయింట్ మా టేబుల్స్ చూసి, అయితే ప్రచారంలో దేవుడి గురించి ఎక్కువ మాట్లాడితే ఈ గుంపుల్లో ఓట్లు వస్తాయా అని అడిగారు. ఈ డేటా ఆ మాట చెప్పదని రాసిచ్చాం. మతం ఓటుని నడిపిస్తోందా, ఓటు మతాన్ని నడిపిస్తోందా అన్నది అంత సులువుగా తేలదు. మతం పేరుతో జరిగే రాజకీయం నచ్చక మేం ఏ మతమూ కాదు అని చెప్పుకోవడం మొదలుపెట్టిన ఉదారవాదులు 1990ల నుంచీ పెరిగారని సామాజిక శాస్త్రజ్ఞులు వాదిస్తున్నారు. ప్యూ లెక్కల్లో అలా మతం లేదనేవాళ్ళు 2007లో 16 శాతం, 2023-24లో దాదాపు 29. ముందు పార్టీ తేల్చుకుని తర్వాత చర్చి మానేసిన మనిషికి, చర్చి మానేశాడు కాబట్టి ఆ పార్టీకి వేశాడు అని అంటగట్టకూడదు.

రెండోది, ఒక్కో ఓటరు పక్కన మా మోడల్ ఊహించిన మతాన్ని కూడా ఇవ్వమన్నారు. ఇవ్వలేదు. చివరి స్కోరు ఇచ్చాం, గుంపుల వారీ టేబుల్స్ ఇచ్చాం, ఇంటి నంబరు పక్కన మతం పేరు ఉన్న ఫైల్ మాత్రం మా సర్వర్ దాటలేదు. అది ఊహే కాబట్టి తప్పయ్యే అవకాశం ఎలాగూ ఉంది, ఒప్పయినా సరే అలాంటి జాబితా చేతులు మారితే ఏమవుతుందో మన దేశంలో పెరిగినవాళ్ళకి వివరించక్కర్లేదు. క్లయింట్ కొంచెం గొణిగారు, తర్వాత మళ్ళీ అడగలేదు.

హిస్పానిక్ బూత్‌లలో తేడాకి నా ప్రస్తుత అనుమానం ఇవాంజెలికల్ హిస్పానిక్‌ల మీద. వాళ్ళ ఓటు హిస్పానిక్ కేథలిక్కులతో పోలిస్తే రిపబ్లికన్ల వైపు ఎక్కువ మొగ్గుతుంది, మా శాంపిల్‌లో వాళ్ళు మరీ తక్కువ కాబట్టి మోడల్ వాళ్ళని కేథలిక్కుల సగటు వైపు లాగేసింది. చిన్న గుంపులని లాగి పట్టే పద్ధతితో మిగతా చోట్ల లాభం వచ్చింది, అక్కడ నష్టం వచ్చింది. తర్వాతి సర్వేకి స్పానిష్‌లో మాట్లాడే ఇంటర్వ్యూయర్లని పెంచి ఆ గుంపుని కావాలని ఎక్కువమందిని అడుగుదామని, చర్చి పేరు ఖాళీలో రాయించే ప్రశ్నని ఎట్టి పరిస్థితుల్లో తీయొద్దని చెప్పాం. ప్రశ్నాపత్రం పొడుగైపోతుందని క్లయింట్ టెన్షన్ పడ్డారు. చివరికి పన్నుల మీద ఉన్న మూడు ప్రశ్నల్లో ఒకటి తీసేసి దానికి చోటిచ్చారు.